తోటివారికి చదువు చెప్పేవారికి ముందు శిక్షణ ఇవ్వాలి



ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల్లో మొదటి సెమిస్టర్ ఫలితాలు రాగానే గణితంలోనో ఫిజిక్సులోనో ప్రోగ్రామింగ్‌లోనో తప్పిన పిల్లల జాబితా తయారవుతుంది. ఆ వెంటనే చాలాచోట్ల ఒక తంతు జరుగుతుంది. మంచి మార్కులు వచ్చినవారిని, తప్పినవారిని జతలు కట్టి ‘వీళ్లకు నువ్వు చెప్పు’ అని అప్పగిస్తారు. ఆ కాగితం న్యాక్ తనిఖీకి చూపించే ఫైల్లోకి వెళుతుంది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో ఆ తరువాత అడిగేవారుండరు. విద్యార్థులతో విద్యార్థులకు చెప్పించడం చాలా మంచి ఆలోచన. అయితే శిక్షణ ఇవ్వకుండా చెప్పించడం చెప్పేవారికీ, నేర్చుకునేవారికీ అన్యాయమేనని డిగ్రీ విద్యార్థులకు గణితం బోధించిన అనుభవంతో అంటున్నాను.

శిక్షణ లేకుండా ఇద్దరిని కూర్చోబెడితే లెక్క వచ్చినవాడు పెన్ను తన చేతిలోకి తీసుకుంటాడు. గబగబా చేసి చూపించి ‘అర్థమైందా?’ అంటాడు. రానివాడు సిగ్గుపడి ‘ఆ’ అంటాడు. పరీక్షలు దగ్గరపడితే ఇంపార్టెంట్ ప్రశ్నలకు టిక్కులు పెట్టివ్వడం, రికార్డు ఇచ్చి చూసి రాసుకోమనడం మాత్రమే మిగులుతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. తనకు సులువుగా వచ్చిన విషయం ఎదుటివారికి ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో కనిపెట్టడం వేరే నేర్పు. అది మార్కులతోపాటు రాదు. ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకే ఏళ్లు పట్టే ఆ నేర్పును పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు తమంతట తామే తెచ్చుకోవాలంటే ఎలా?

ఈ పద్ధతి మన నేలకు కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మా అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంబెల్ అప్పుడు అక్కడ కలెక్టరు. బడుల్లో ముందున్న పిల్లలు వెనకున్నవారికి చెప్పే తీరును ఆయన 1823 నివేదికలో మెచ్చుకున్నాడు. అలా చెప్పడం వల్ల చెప్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని గుర్తించాడు. అప్పటికే ఆ తీరు ఇంగ్లండు చేరింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర పాఠశాల నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన పాఠశాలలో పిల్లలతోనే పిల్లలకు చెప్పించి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’గా పేరుపొందింది.

తరువాత జరిగినదే మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండులో ఆ పద్ధతి, ఒక్క ఉపాధ్యాయుడితో వందల మందికి చవకగా చదువు చెప్పే ఏర్పాటుగా మారింది. చెప్పే పిల్లలు తమకు అప్పగించిన పాఠాన్ని వల్లె వేయించగలిగారు కానీ అర్థం చేయించలేకపోయారు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వచ్చాక అది వెనకబడిపోయింది. క్యాంబెల్ కూడా ఇక్కడి బడుల లోపాల్లో సమర్థులైన గురువుల కొరతను ఒకటిగా లెక్కించాడు. అంటే పిల్లలు పిల్లలకు చెప్పాలంటే వెనుక దిట్టమైన గురువు ఉండి తీరాలి.

దీన్ని సరిగ్గా చేసినవారూ ఉన్నారు. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ శాఖలో 1973లో డియానా మార్టిన్ ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ అనే ఏర్పాటును మొదలుపెట్టారు. అందులో రెండు విషయాలు మనవాళ్లు తప్పక గమనించాలి. ఒకటి, వాళ్లు బలహీనమైన విద్యార్థులను ఏరలేదు, ఎక్కువమంది తప్పే సబ్జెక్టులను ఎంచుకున్నారు. ఆ సబ్జెక్టు చదివే ఎవరైనా రావచ్చు కాబట్టి వచ్చినవారి మీద ‘మొద్దు’ అనే ముద్ర పడదు. రెండు, చెప్పే విద్యార్థికి ముందుగా శిక్షణ ఇస్తారు. అతను జూనియర్లతోపాటు ఆ తరగతిలో మళ్లీ కూర్చుని పాఠం వింటాడు. తరువాత పాఠం తిరిగి చెప్పడు. వచ్చినవారు ఒకరితో ఒకరు చర్చించి తేల్చుకునేలా నడిపిస్తాడు. ఈ ఏర్పాటు ఆ తరువాత ఎన్నో దేశాలకు వ్యాపించింది.

మన కళాశాలల్లో ఇవ్వాల్సిన శిక్షణకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తరగతులు మొదలవకముందు రెండు రోజులు, ఆ తరువాత పదిహేను రోజులకొకసారి ఒక గంట చాలు. పెన్ను ఎప్పుడూ నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలని మొదటిరోజే చెప్పాలి. ‘అర్థమైందా?’ అని అడగడం మాని ‘ఇక్కడిదాకా ఎలా వచ్చావో చెప్పు’ అని అడగడం అలవాటు చేయాలి. ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగడం నేర్పాలి. తప్పు చేసిన లెక్కను చూసి ఆ తప్పు ఏ తరగతి పాఠం దగ్గర పుట్టిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం సాధన చేయించాలి. డిగ్రీలో సమాకలనం రాకపోవడానికి కారణం ఎనిమిదో తరగతి బీజగణితంలో ఉండొచ్చు. తనకు తెలియనిది ‘నాకు తెలియదు, మేడంను అడిగి చెప్తా’ అని ఒప్పుకోవడం, అసైన్‌మెంటు రాసిపెట్టమంటే కాదనడం కూడా నేర్పాలి. జూనియర్ తన ఇంటి కష్టమో మనసులోని బాధో చెప్పుకుంటే నలుగురిలో పెట్టకుండా, ప్రమాదమనిపిస్తే మాత్రం వెంటనే అధ్యాపకులకో కౌన్సెలర్‌కో తెలియజేయడం అన్నిటికన్నా ముఖ్యం.

ఎంపికలో ర్యాంకు ఒక్కటే చూడకూడదు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి లెక్కలు చక్కగా చేసిన అమ్మాయి, ఇంగ్లిషులో పాఠం మొదలవగానే నోరు విప్పడం మానేస్తుంది. ఆ దారినే వచ్చి, మొదటి ఏడాది తడబడి, తరువాత నిలదొక్కుకున్న సీనియర్ ఆమెకు ధైర్యమూ ఇవ్వగలదు, చదివే ఉపాయమూ చెప్పగలదు. అలాంటివారిని వెతికి పట్టుకోవాలి.

సీనియర్లను, జూనియర్లను కలుపుదామంటే ర్యాగింగ్ మాట ఎత్తుతారని తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కొత్తవారికి విడిగా వసతి ఉండాలని యూజీసీ 2009 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాపలా అవసరమే, సడలించకూడదు. అయితే సీనియర్లను దూరం పెట్టినంత మాత్రాన మంచి సంబంధం పుట్టదు. లైబ్రరీలోనో ఖాళీ తరగతి గదిలోనో, అందరికీ కనిపించే చోట, కాలేజీ బస్సు బయలుదేరే వేళలోపు, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో సీనియర్లు చదువు చెబితే భయానికి చోటుండదు. సీనియర్‌కు కూడా ఒక బాధ్యత, ఒక గౌరవం దక్కుతాయి.

ఇంకొక అనుమానం ఇంతకన్నా గట్టిది. ఖాళీ పోస్టులు నింపకుండా ఈ పిల్లలతోనే తరగతులు నడిపించేస్తారేమో? ఈ భయం నాకూ ఉంది. అందుకే నిబంధనలో స్పష్టంగా రాయాలి: పాఠం చెప్పేది అధ్యాపకుడే, జవాబుపత్రాలు దిద్దడం, హాజరు వేయడం విద్యార్థుల పని కాదు. 2020 జాతీయ విద్యావిధానం సైతం పాఠశాల స్థాయిలో తోటివారికి చెప్పడాన్ని ప్రస్తావిస్తూ, అది స్వచ్ఛందంగా, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరగాలనే చెప్పింది.

చెప్పే విద్యార్థి సమయం కూడా విలువైనదే. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో సామాజిక సేవా ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇస్తున్నారు. ఒక సెమిస్టర్‌పాటు తోటివారికి చదువులో తోడు నిలిచినవారికి క్రెడిట్లు ఎందుకు ఇవ్వకూడదు? శిక్షణ పూర్తిచేయనివారికి ఆ క్రెడిట్లు దక్కవని షరతు పెడితే కాగితాల మీది జతలు వాటంతట అవే ఆగిపోతాయి.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు నా విన్నపం ఇది. వచ్చే విద్యాసంవత్సరం ప్రతి జిల్లాలో కొన్ని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలను ఎంచుకోండి. ఎక్కువమంది తప్పుతున్న ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టండి. శిక్షణ ఇచ్చే అధ్యాపకులకు పనిగంటల్లో మినహాయింపు ఇవ్వండి. సెమిస్టర్ చివర ఫలితాలను దాచకుండా ప్రకటించండి. బాగుంటే విస్తరించండి, లోపాలుంటే దిద్దండి. ప్రిన్సిపాళ్లు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు రోజుల శిక్షణ, ఒక గది, ఓపిక ఉన్న ఒక అధ్యాపకుడు ఉంటే ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
అనంతపురం.