వెనక సీటు దిగి

మొన్న జనవరిలో నేనూ నా స్నేహితురాలూ విశాఖ నుంచి అరకుకి మోటార్ సైకిల్ మీద వెళ్ళొచ్చాం. వంతులేసుకుని నడిపాం. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు.

ఆగిన ప్రతి టీ కొట్టు దగ్గరా ఒకటే ప్రశ్న: "కూడా మగవాళ్ళెవరూ రాలేదామ్మా?" ప్రేమగానే అడిగారు. అదే రోడ్డున నెత్తిన కట్టెల మోపులతో నడిచిపోతున్న ఆదివాసీ స్త్రీలను మాత్రం ఎవరూ అలా అడగలేదు. పనికోసం రోడ్డెక్కిన స్త్రీ గురించి లేని భయం, సరదాకి ఎక్కితే ఎక్కణ్ణుంచి వస్తోంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా రక్షణ ఉండాలంటుంది. అవసరమే, కాదనను. కానీ దాన్ని మనం 'శారీ గార్డు' అంటాం. మన చోటేదో ఆ పేరే చెప్పేసింది.

మన సమావేశాల్లోనూ విహారం హక్కుగా చర్చకు రాదు. ముందు హింస, వేతనాలు. మిగతావి తర్వాత అంటాం. నేనూ అన్నదాన్నే.

గాలికొండ దగ్గర లోయను చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. మరుగుదొడ్డి దొరకదేమోనని పొద్దుటినుంచీ ఇద్దరం నీళ్ళు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.