ప్రాంప్టర్ గారమ్మాయి

నాటకాల్లో ప్రాంప్టర్ అని ఒకాయన ఉంటాడు. నటులు తడబడితే చప్పున మాట అందించేది ఆయనే. కానీ చప్పట్లు ఆయనకు దక్కవు. ఆయన ముఖం కూడా ప్రేక్షకులకు తెలీదు.

మాస్కోలోని మాలీ థియేటర్లో ప్రాంప్టర్ కూర్చునే చోటు వేదిక ముందు భాగంలో, చిన్న గొయ్యిలా ఉండేది. అక్కడ నికొలాయ్ యెర్మొలోవ్ నాటకం ప్రతి పట్టుకుని కూర్చుంటే, పక్కనే ఆయన కూతురు ఒదిగి కూర్చునేది. పేరు మరియా. 1853లో పుట్టింది. తాత ఒకప్పుడు ప్రభువుల ఇంట కట్టుబానిసగా ఉంటూ వయొలిన్ వాయించినవాడు. ఇంట్లో డబ్బుకు కటకట. ఉన్న ఆస్తల్లా ఆ గోతిలోంచి చూసిన నాటకాలే!

తొమ్మిదో ఏట మరియాను ప్రభుత్వ నాటక పాఠశాలలో చేర్చారు. అక్కడ నేర్పింది నాట్యం... బాలే. అది ఆ పిల్లకు అబ్బలేదు. పదమూడో ఏట తండ్రి ఓ సరదా నాటికలో వేషం ఇప్పిస్తే అదీ తేలిపోయింది. ఇక ఈమె వెనక వరసలో నిలబడే నర్తకిగా మిగిలిపోతుందనే అందరూ అనుకున్నారు.

అప్పుడు వచ్చింది 1870. పేరున్న నటి మెద్వెదేవా తన బెనిఫిట్ ప్రదర్శనకు లెస్సింగ్ రాసిన 'ఎమీలియా గలోత్తి' ఎంచుకుంది. నాయిక పాత్ర వేయాల్సిన ఫెదోతోవా జబ్బుపడింది. ఎవరో మరియా పేరు చెప్పారు. పిలిపించి చదివిస్తే మెద్వెదేవా కదిలిపోయింది. జనవరి 30న పదహారేళ్ల అమ్మాయి వేదిక ఎక్కింది. ఆ రాత్రి హాలంతా హోరెత్తిపోయింది.

కథ అక్కడితో సుఖాంతం అయితే బాగుండేది. కానీ కాలేదు. తర్వాత మూడేళ్లు ఆమెకు ఇచ్చినవి చిన్నాచితకా హాస్య వేషాలే! 1873లో ఆస్త్రోవ్‌స్కీ 'తుఫాను'లో కతెరీనా పాత్ర దొరికేదాకా ఆమె ఎదురుచూసింది. అదీ అంతకుముందు ఫెదోతోవా వేసిన పాత్రే. ఈసారి మాత్రం ఆమెను పక్కకు నెట్టడం ఎవరి తరమూ కాలేదు.

1876లో తన బెనిఫిట్‌కు ఆమె ఎంచుకున్నది స్పానిష్ రచయిత లోపే ద వేగా నాటకం. దుర్మార్గుడైన అధికారి మీద ఓ పల్లె మొత్తం తిరగబడే కథ. ఊరి మగాళ్ల పిరికితనాన్ని కడిగిపారేసే లౌరెన్సియా ఆమే. జారు చక్రవర్తుల కాలమది. విద్యార్థులు ఉర్రూతలూగారు. ప్రభుత్వం ఉలిక్కిపడింది. కొద్ది ప్రదర్శనలకే ఆ నాటకం ఆగిపోయింది.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది షిల్లర్ నాటకంలోని జోన్ ఆఫ్ ఆర్క్ పాత్ర. 1884 నుంచి 1902 దాకా... పద్దెనిమిదేళ్లు వేసింది. అంటే నలభై తొమ్మిదో ఏట కూడా ఆ పల్లెపిల్లగానే నిలబడింది! ఆ తర్వాత వయసును దాచుకోవాలని చూడలేదు. 1907లో వేదిక నుంచి తప్పుకొని, మరుసటేడు తల్లి పాత్రలతో తిరిగి వచ్చింది. విప్లవం తర్వాత 1920లో 'ప్రజా కళాకారిణి' బిరుదు మొట్టమొదట అందుకున్నది ఆమే. 1928లో కన్నుమూసింది.

అవకాశం తలుపు తట్టడం అదృష్టమే అనుకుందాం. ఫెదోతోవా జబ్బుపడకపోతే ఏమయ్యేదో! కానీ తట్టినప్పుడు ఆ అమ్మాయి సిద్ధంగా ఉంది. తండ్రి పక్కన కూర్చుని విన్న ప్రతి మాటా అందుకు సాధనే.

మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో చిత్రకారుడు సెరోవ్ 1905లో వేసిన ఆమె నిలువెత్తు చిత్రం ఉంది. నల్లని గౌనులో, తలెత్తి నిలబడి ఉంటుంది. సెరోవ్ ఆమెను కింది నుంచి పైకి చూస్తూ గీశాడు.

ప్రాంప్టర్ గోతిలోంచి చూసిన తండ్రికీ ఆమె అలాగే కనిపించి ఉంటుంది.