కొవ్వు తీయించడం వేరు, బరువు తగ్గడం వేరు

ఆపరేషన్‌తో ఒళ్లు తగ్గించుకోవచ్చుననే మాట ఇప్పుడు పట్టణాలు దాటి పల్లెలకూ చేరింది. లైపోసక్షన్ అనే ఈ శస్త్రచికిత్స గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలు ముందుగానే కొన్ని నిజాలు తెలుసుకోవడం మంచిది. పుస్తెలు తాకట్టు పెట్టాకనో, ప్రాణం మీదికి వచ్చాకనో తెలుసుకుని ప్రయోజనం లేదు.

2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’ చిత్రంతో తెలుగువారికి పరిచయమైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో మరణించారు. కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నారనీ, తర్వాత శ్వాసబాధ పడ్డారనీ ఆమె మేనేజరు అప్పట్లో పత్రికలకు చెప్పారు. ఆమె మరణానికి ఆ ఆపరేషనే కారణమని తేల్చడం మన పని కాదు. అయితే 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టెలివిజన్ నటి చేతనా రాజ్ ఇటువంటి ఆపరేషన్‌కు వెళ్లి అదే రోజు కన్నుమూశారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవారికే ముప్పు తప్పనప్పుడు సామాన్యుడు మరింత జాగ్రత్త పడాలి.

చర్మానికి చిన్న గాటు పెట్టి, ఉప్పునీరు, మత్తుమందు ఎక్కించి, సన్నని గొట్టంతో కొవ్వును పీల్చివేయడమే ఈ ఆపరేషన్. దీనితో పోయేది చర్మం కింది కొవ్వు మాత్రమే. షుగరుకూ గుండెజబ్బుకూ ఎక్కువగా దారితీసే కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో ఉంటుంది. దానిని ఆ గొట్టం తాకదు. అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు పొట్ట నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీసి, సుమారు రెండున్నర నెలల తర్వాత పరీక్షించారు. వారి రక్తపోటులో గాని, ఇన్సులిన్ పనితీరులో గాని మెరుగు కనిపించలేదని 2004లో వెల్లడించారు. తిండీ పనీ మారకపోతే తీసిన కొవ్వు మరొకచోట చేరుతుందని 2011 నాటి మరో పరిశీలనలో తేలింది.

మరి ఈ ఆపరేషన్‌కు చోటెక్కడ? బరువు తగ్గి నిలకడగా ఉన్నవారికి, ఎంత శ్రమించినా కరగని చోట ఆకృతి సరిచేయడానికి మాత్రమే. బరువు తగ్గకుండా దీనికి పోవడం కారే కప్పు బాగుచేయక గోడకు సున్నం కొట్టడమే. తీవ్ర స్థూలకాయానికి జీర్ణకోశం చిన్నది చేసే ఆపరేషన్ వేరు. రెంటినీ ఒకటిగా భావించరాదు.

రక్తపు గడ్డలు గాని, కొవ్వు గాని ఊపిరితిత్తులకు చేరడం, పేగుకు గాయం కావడం, మత్తుమందు వికటించడం ఇందులోని ప్రమాదాలు. ఒంట్లోని ద్రవాలు ఒక్కసారిగా మారడం వల్ల మూత్రపిండాలపై కూడా భారం పడుతుంది. కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఉద్దానం వాసులు ఈ సంగతి మరువరాదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకూడదు.

నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కాలినడక పోయి మోటారు సైకిలు వచ్చింది. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గినా షుగరు, రక్తపోటు మెరుగుపడతాయని వైద్యులు చెబుతున్నారు. పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడం, నూనె వంటలు, తీపి టీలు తగ్గించడం, రోజూ అరగంట చురుకుగా నడవడం ఖర్చులేని వైద్యం. మన చోళ్లూ గంట్లూ కూడా మితంగా తింటేనే మేలు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

పెళ్లిచూపుల్లో ఆడపిల్ల ఒంటిని తూకం వేసే పెద్దలు కూడా ఆలోచించాలి. వారి ఒక్క మాటే ఆ పిల్లను ఆపరేషన్ బల్ల దాకా నడిపించవచ్చు.

2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్కులు రిజిస్టరు కావాలి. కొవ్వు తీస్తామని ప్రకటించే చోట అర్హతగల ప్లాస్టిక్ సర్జను, మత్తు డాక్టరు, అత్యవసర చికిత్సా సాధనాలు ఉన్నాయో లేదో జిల్లా వైద్యాధికారులు తనిఖీ చేయాలి. ముప్పై దాటినవారికి బి.పి., షుగరు చూసే సిబ్బంది నడుము కొలిచి సలహా కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలన్నీ అడగడం ప్రజల హక్కు. జవాబు చెప్పని చోట సంతకం పెట్టవద్దు.