మాత్ర ఒక్కటే చాలా? కీమో కూడా కావాలా?

ప్రశ్న: నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అమ్మకు 56 ఏళ్లు. సిగరెట్ పొగే తెలియదు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ అన్నారు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందట. ఒక డాక్టర్ మాత్రలు చాలంటున్నారు, మరొకరు కీమో కూడా కలపాలంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: పొగ తాగనివారిలోనే ఈ మార్పు ఎక్కువ. దీనివల్ల కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలు ఆ పెరుగుదలను ఆపుతాయి. కానీ కొంతకాలానికి జబ్బు మాత్రకు లొంగదు. అందుకే రెండు చికిత్సలూ కలిపి పరీక్షించారు.

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 350 మందిపై ఈ పరీక్ష జరిగింది. ఫలితాలు 2019లో వెల్లడయ్యాయి. జెఫిటినిబ్ ఒక్కటే వాడినవారిలో జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంది. కీమో కలిపినవారిలో 16 నెలలు. అయితే తీవ్రమైన దుష్ఫలితాలు నూటికి 25 మందికి బదులు 51 మందిలో కనిపించాయి. ఒసిమెర్టినిబ్‌తో 2023లో వెలువడిన ఫలితాల్లోనూ కలిపి ఇచ్చినప్పుడే జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది.

కాబట్టి ఇద్దరు డాక్టర్ల మాటా తప్పు కాదు. అమ్మగారి ఒంట్లో సత్తువ, కిడ్నీల పనితీరు, జబ్బు మెదడుకు పాకిందా అన్నవి చూసి నిర్ణయించాలి. ఖర్చు గురించీ అడగండి. జెఫిటినిబ్‌ను మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా జనరిక్‌గా తెచ్చింది. అన్నిటికన్నా ముందు, ఆవిడ ఏం కోరుకుంటున్నారో తెలుసుకోండి.