మొక్కు అమ్మది, ఈసీ నాది

తిరుమలలో ముందు వరాహస్వామి దర్శనం చేసుకోవాలంటారు కదా, ఎందుకో తెలుసా? స్థలపురాణం ప్రకారం ఆ కొండ మీద చోటు ఆయనదే. శ్రీనివాసుడు అడిగి తీసుకుని, బదులుగా తొలి దర్శనం, తొలి నైవేద్యం మీకేనని మాటిచ్చాడు. దేవుడికే షరతులు తప్పలేదన్నమాట!

సొంతింటి కోసం అమ్మ ఆ వరాహస్వామికే మొక్కింది. హైదరాబాద్‌లో ఏడాదిగా వెతుకుతున్నాం. నాన్న రిటైర్మెంట్ డబ్బు, నా లోను కలిస్తేనే టూ బీహెచ్‌కే. మొన్నొకాయన పెద్ద ప్రాజెక్టు, ప్రీలాంచ్ ఆఫర్, సగం రేటు అన్నాడు. వారంలో మొత్తం కట్టేయాలట. రెరా నంబరేదీ అంటే "వచ్చేస్తుంది సార్" అన్నాడు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం అలాంటి ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకానికి పెట్టడానికే వీల్లేదు. చేశాక కూడా, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు.

వద్దని చెప్పొస్తే అమ్మ దిగులు పడుతుందనుకున్నా. "మనకు రాసిపెట్టింది కాగితాలతో సహా వస్తుందిలేరా" అంది.

ఆ మాటతో నా కంగారు సగం తగ్గింది. ఇది పోతే మళ్లీ దొరకదేమో అన్న భయంతోనే కదా చాలామంది అడ్వాన్సు ఇచ్చేస్తారు! ఆ భయం లేకపోతే ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీరిగ్గా చూసుకోవచ్చు. ఇల్లింకా దొరకలేదు. ఈ ఆదివారం మియాపూర్‌లో ఇంకోటి చూడాలి.