బెయిల్‌కు కొలత బ్యాంకు బ్యాలెన్సా?

గ్రూప్స్‌కో, ఎస్సై పరీక్షకో, బ్యాంకు కొలువుకో సిద్ధమవుతున్న మీకు బెయిల్ గొడవ ఎందుకు అనిపించవచ్చు. పాలిటీలో 21వ అధికరణం దగ్గర ఒక బిట్టు, మెయిన్స్‌లో ఒక వ్యాసం, అంతేగా? అంతే కాదు. 2022 జూన్‌లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్ వ్యతిరేక ఆందోళన హింసగా మారింది. ఆ కేసులో అరెస్టయినవాళ్లలో సైన్యంలో చేరాలని సిద్ధమవుతున్న కుర్రాళ్లు ఉన్నారు. ఎవరు తప్పు చేశారన్నది కోర్టు తేల్చాల్సిన సంగతి. తేలేదాకా మనిషి జైల్లో ఉండాలా, ఇంట్లో ఉండాలా అన్నదే బెయిల్ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు మన దేశంలో జేబును బట్టి మారిపోతోంది. అదే నా అభ్యంతరం.

వేళ్లు ఎవరికి ఉన్నాయి?

బెయిల్ ఇచ్చేటప్పుడు కోర్టు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. నిందితుడు పారిపోతాడా? సాక్ష్యాలు చెరిపేస్తాడా? సాక్షుల్ని బెదిరిస్తాడా? నేర తీవ్రత ఎలాగూ లెక్కలోకి వస్తుంది. వీటిలో మొదటి ప్రశ్నే అసలు చిక్కు. మనిషి పారిపోతాడో లేదో ముందే ఎలా తెలుస్తుంది? అందుకే సమాజంలో అతనికి వేళ్లు ఎంత లోతుగా ఉన్నాయో చూస్తారు. సొంత ఇల్లుందా, కుటుంబం ఉందా, ఉద్యోగం ఉందా అని ఆరా తీస్తారు.

ఇప్పుడు అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న 22 ఏళ్ల కుర్రాడిని ఊహించండి. ఊళ్లో అద్దె ఇల్లు, నాన్న కూలి, తనకింకా ఉద్యోగం రాలేదు. కాగితం మీద చూస్తే ఇతనికి వేళ్లే లేవు. ఇంకోవైపు నాలుగు కంపెనీలు, మూడు ఇళ్లు, పేరున్న లాయర్లు ఉన్న పెద్దమనిషి. కాగితం మీద ఈయన మర్రిచెట్టు. కానీ నిజంగా దేశం దాటే శక్తి ఎవరికుంది? పాస్‌పోర్టు కూడా లేని కుర్రాడికా, విదేశాల్లో ఖాతాలున్న పెద్దమనిషికా?

2024 ఆగస్టులో ఢిల్లీ మాజీ ఉప ముఖ్యమంత్రి మనీశ్ సిసోదియాకు సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. అప్పటికి ఆయన 17 నెలలుగా జైల్లో ఉన్నారు, విచారణ మొదలే కాలేదు. ఆయనకు సమాజంలో లోతైన వేళ్లున్నాయని, పారిపోయే అవకాశం లేదని కోర్టు చెప్పింది. నా దృష్టిలో అది సరైన తీర్పే. అదే చూపు పేరులేని మేస్త్రీ మీద, డెలివరీ బాయ్ మీద కూడా పడాలన్నదే నా మాట. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, రేషన్ కార్డు, రోజు కూలి ఉన్నవాడికి కూడా వేళ్లున్నట్టే లెక్క.

బెయిల్ వచ్చినా విడుదల లేదు

ఇంకో మెలిక ఉంది. ‘రూ.50 వేల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరి పూచీకత్తు’ అని వార్తల్లో చదువుతుంటాం. వ్యాపారికి అది ఒక సంతకం. కూలీకి అదే జైలు గోడ. పూచీదారు ఆస్తి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో చూపించాలి. అలాంటి చుట్టం ఎంతమంది పేదలకు ఉంటాడు?

ఈ అన్యాయం కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిల్ ఇవ్వమంటే, కింది మేజిస్ట్రేట్ రూ.10 వేల పూచీకత్తు అడిగారు. సోదరుడు పూచీ ఉంటానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. 1978లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును కొట్టేసి, రూ.1,000 సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. ఒక తెలుగువాడో, మలయాళీయో బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడి జిల్లాలో పూచీదారుని ఎక్కడ తెస్తాడని ఆ తీర్పులోనే ఆయన నిలదీశారు. పని వెతుక్కుంటూ ఊరు దాటే మన యువతకు ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. వీళ్లందరూ పూచీకత్తు లేకే ఉన్నారని కాదు. బెయిల్ వచ్చీ బయటికి రాలేనివాళ్లు మాత్రం ఆ గుంపులో ఉన్నారు. అందుకే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చిన వారంలోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోగా బాండు కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానిక పూచీదారే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకపోవచ్చని కూడా చెప్పింది.

మరి మాల్యా, నీరవ్ సంగతేంటి?

‘డబ్బున్నవాడికి బెయిల్ ఇస్తే విమానం ఎక్కేస్తాడు’ అని మీరనవచ్చు. విజయ్ మాల్యా 2016 మార్చిలో, నీరవ్ మోదీ 2018 జనవరిలో దేశం దాటారు నిజమే. కానీ గమనించండి, వాళ్లు బెయిల్ మీద ఉండి పారిపోలేదు. అసలు అరెస్టే కాలేదు. నీరవ్ వెళ్లిన తర్వాతే సీబీఐ కేసు నమోదైంది. అది నిఘా వైఫల్యం. దానికి శిక్ష ఇంకెవరి బెయిల్ మీదో పడకూడదు. 2019 అక్టోబరులో చిదంబరం కేసులో సుప్రీంకోర్టు ఇదే అంది. కొందరు పారిపోయారని మిగతా నిందితులందరినీ అదే గాటన కట్టొద్దంది.

లండన్‌లో ఏం జరిగిందో చూడండి. మాల్యాకు 2017లో 6.5 లక్షల పౌండ్ల పూచీకత్తు మీద బెయిల్ వచ్చింది. నీరవ్ 40 లక్షల పౌండ్లు కడతానన్నా రాలేదు. డబ్బు ఎంతన్నది కాకుండా, ఈ మనిషి పారిపోతాడా లేదా అన్నదే అక్కడ తేల్చారు. మనకూ కావాల్సింది అదే. పారిపోయే దారులున్నవాడి పాస్‌పోర్టు తీసుకోండి, లుకౌట్ నోటీసు ఇవ్వండి. దారే లేనివాడిని సొంత బాండు మీద వదలండి. బాండు మొత్తం అతిగా ఉండకూడదని చట్టమే చెబుతోంది. ఎవరికి ఎంత అతి అన్నది వాళ్ల సంపాదనను బట్టి చూడాలి కదా!

మీరు గుర్తుంచుకోవాల్సినవి

బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారంలోగా పూచీకత్తు తేలేకపోతే ఆ వ్యక్తిని పేదగా భావించి సొంత బాండు మీద వదలాలి. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్. 479వ సెక్షన్ ప్రకారం గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. లాయర్‌ను పెట్టుకోలేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ సాయం దొరుకుతుంది.

మీ మీదే కేసు ఉంటే ఉద్యోగ వెరిఫికేషన్ ఫారంలో అడిగినచోట దాచకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, సమాచారం నిజంగా ఉండాలని. కేసు కన్నా దాచడమే చాలాసార్లు కొలువు పోగొడుతుంది.

ఇంకో మాట. రేపు మీలో కొందరు ఎస్సైలవుతారు, ‘నిందితుడు పారిపోయే ప్రమాదముంది’ అని రిమాండ్ రిపోర్టులో రాస్తారు. కొందరు తహసీల్దార్లయి పూచీదారుల సాల్వెన్సీ సర్టిఫికెట్ మీద సంతకం పెడతారు. లా చదివినవాళ్లు జూనియర్ సివిల్ జడ్జి కుర్చీలో కూర్చుంటారు. ఆ రోజు ఆ వాక్యం అలవాటుగా రాసేముందు, ఆ మొత్తం ఖరారు చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎదురుగా ఉన్న మనిషి పారిపోతాడని భయమా, లేక అతని దగ్గర డబ్బు లేదనా?