పన్ను మనది, సభ యెవరిది?

ఓటనునది అయిదేండ్లకొకమారు వచ్చు తిరునాళ్ల వంటిదని మనలో చదువుకొన్నవారు పెక్కుమంది తలంచుచున్నారు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కుదురు, రాష్ట్రమున ఎవరు మంత్రులగుదురు అను చర్చ మన యిండ్ల వసారాలలో ప్రొద్దుపోవువరకు సాగును. అమెరికా దేశాధ్యక్షుని ఎన్నిక వచ్చినచో అచ్చటి యే రాష్ట్రమునకు ఎన్ని ఓట్లో వ్రేళ్లమీద లెక్కించి చెప్పగల గృహస్థులు విశాఖపట్టణమున కొల్లలుగా గలరు. అట్టివారిని, మీ వార్డు సంఖ్య యెంత, మీ కార్పొరేటరు పేరేమి అని యడుగుడు. వసారా నిశ్శబ్దమగును. దూరపు కొండలు నునుపన్న సామెత యిచ్చట సార్థకమైనది.

మేము చెప్పదలచినది ఒక్కటే. పౌరునికిగల ఓట్లన్నిటిలో గుమ్మమునకు దగ్గరగా నున్నది పురపాలక సభకు వేయు ఓటు. దానినే మనము సులభముగా పోగొట్టుకొంటిమి. పోయినదని బాధపడకయే తొమ్మిదేండ్లు గడపితిమి. ఇది యధికారుల తప్పు మాత్రమే కాదు. మన తప్పును గలదు.

పూర్ణా మార్కెట్టునే చూడుడు. విశాఖ పాతనగరపు బ్రదుకంతయు అచ్చటికి వచ్చి పోవుచుండును. తెల్లవారకముందే కూరగాయల బస్తాలు దిగును. పప్పుదినుసుల కొట్లు తెరచుకొనును. కొబ్బరికాయలు, పూలు, అరటియాకులు బాటకిరువైపుల పరచుకొనును. హమాలీలు, తోపుడుబండ్లవారు, చుట్టుప్రక్కల పల్లెలనుండి బుట్టలతో వచ్చి కూర్చుండు స్త్రీలు, బేరమాడు ఇల్లాండ్రు — అందరికిని అదియే సభ, అదియే సంత. వీరికి కావలసినవి యేవి? వాననీరు నిలువని కాలువ, కుళ్లిన యాకులను ప్రొద్దున్నే తీసికొనిపోవు బండి, వెలుగు దీపము, త్రాగునీటి కొళాయి, స్త్రీలు తలయెత్తుకొని పోగల మరుగుదొడ్డి, తలమీద కూలని కప్పు. వీనిలో ఒక్కటియు ఢిల్లీ పార్లమెంటులో తేలునది కాదు. అన్నియు పురపాలక సంస్థ చేతిలోనివే.

ఇక ఆశీలు. మార్కెట్లలో ఆశీలు వసూలుచేయు హక్కును వేలమువేసి గుత్తకిచ్చుట మన పట్టణములలో పాత యాచారము. బుట్టకింత, బస్తాకింత, బండికింత అని గుత్తదారుని మనుష్యులు వసూలు చేయుదురు. అది అమ్మువారి బాధ, మనకేమి అని ఇల్లాండ్రనుకొందురేమో. అమ్మువాడు దానిని తన జేబునుండి యిచ్చుటలేదు. వంకాయల ధరలో కలిపి మనవద్దనే పుచ్చుకొనుచున్నాడు. ఇంటిపన్ను రసీదు యజమాని పేరుతో వచ్చును. ఈ పన్నుకు మాత్రము కొనువారికి రసీదు లేదు. అయినను చెల్లించుచున్నది వారే. కావున అడుగవలసిన ప్రశ్న యిది: ఈ రేటును నిర్ణయించువారెవరు? నిర్ణయించినదానికి మించి వసూలు చేసినచో, పదిమందిలో నిలువదీసి యడుగుటకు మనము పంపిన మనిషి ఎవరు?

ఈ చిన్న ప్రశ్ననుండియే అమెరికా రాజ్యము పుట్టినది. 1765లో ఇంగ్లండు పార్లమెంటు అమెరికా వలసలలో వ్రాతకాగితములపై స్టాంపు పన్ను విధించెను. ఆ పార్లమెంటులో వలసవారు ఎన్నుకొన్న సభ్యుడు ఒక్కడును లేడు. మా ప్రతినిధి లేని సభ మాపై పన్ను వేయరాదని వారు తిరుగబడిరి. ఆ కలహము పెరిగి 1776లో స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. పన్ను బరువుకంటె అడుగు హక్కు లేకపోవుటయే వారిని ఎక్కువగా మండించినది.

ఈ కథ మన తెలుగు యువకులకు కంఠస్థమే. అచ్చట స్థిరపడి పౌరసత్వము కోరువారు ఒక పరీక్ష నీయవలయును. 2008లో సిద్ధపరచిన పట్టికలో నూరు ప్రశ్నలుండెను. 2025లో వానిని 128కి పెంచిరి. వలసవారు బ్రిటిషువారితో ఏల పోరాడిరి, దేశమునకు అత్యున్నతమైన చట్టమేది అను ప్రశ్నలతోపాటు, నీ ప్రాంతపు ప్రతినిధి పేరు చెప్పుమనునది యొకటి. విశాఖలో పుట్టిన బిడ్డ అమెరికాలో తన ప్రతినిధి పేరును వల్లెవేయుచుండగా, ఆ బిడ్డను కని పెంచి దినదినము పూర్ణా మార్కెట్టుకు పోయివచ్చు తండ్రికి తన వార్డు సభ్యుని పేరు తెలియదు. పరీక్ష పెట్టినచో మనలో ఎందరము మన యూరి పౌరసత్వమునకు అర్హులమగుదుము?

ఇప్పుడు ఆ తొమ్మిదేండ్ల సంగతి. విశాఖ 1979లో నగరపాలక సంస్థయైనది. 2005లో గాజువాక పురపాలక సంఘమును, 32 గ్రామములను కలుపుకొని మహానగరపాలక సంస్థగా పెరిగినది. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగెను. ఆ సభ గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసెను. మరల ఓటు వేసినది ఎప్పుడు? 2021 మార్చి 10వ తేదీన. నడుమ తొమ్మిదేండ్లు, 2011 జనాభా లెక్కలలోనే పదునేడు లక్షలకు మించిన నగరము, ఎన్నుకొన్న సభ లేక ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. 2014లో విజయవాడ ఓటు వేసినది. 2016లో హైదరాబాదు ఓటు వేసినది. విశాఖ మాత్రము వేచియుండెను. వార్డుల విభజన యనిరి, రిజర్వేషన్ల లెక్క యనిరి, పొరుగూళ్ల విలీనమనిరి, వ్యాజ్యములనిరి. కడపట 2020లో కరోనా వచ్చి ఒక యేడు వెనుకకు త్రోసెను. ఆ యేడు సంగతి వేరు. అంతకుముందరి ఎనిమిదేండ్లకు ఏ మహమ్మారి కారణము?

ఆ కాలమున నగరమున ఏమియు జరుగలేదనుకొందురా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కూల్చివేసెను. చెట్లు కూలి, తీగలు తెగి, నీరు లేక జనులు అల్లాడుచుండగా, తలుపు తట్టి అడుగుటకు వీథికి ఎన్నికైన మనిషి లేడు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీలుగా ఎన్నికైన మొదటి యిరువది నగరములలో విశాఖ యొకటి. నగరపు రూపురేఖలు మార్చు ప్రణాళికలు వ్రాయబడినప్పుడు వానిని ప్రశ్నించుటకు సభయే లేదు. 2020 మే 7న వెంకటాపురమున విషవాయువు వెలువడి జనులు నిద్రలోనే ప్రాణములు విడిచిరి, అప్పుడును లేదు. భీమునిపట్టణపు కథ మరియు విచారకరము. 1861లో ఏర్పడి దేశములోని పాత పురపాలక సంఘములలో నొకటిగా పేరుపొందిన ఆ యూరును 2013లో విశాఖలో కలిపిరి. తన సభ పోయెను. కలిసిన నగరమునకు సభ రాలేదు.

కొందరిట్లందురు: "కార్పొరేటర్లు వచ్చి చేసినదేమి? గుత్తలలో వాటాలు, వీథికొక తగవు. చదువుకొన్న అధికారి పాలనయే మేలు." ఈ మాట మర్యాదస్థుల యిండ్లలో తరచుగా వినబడును గనుక దీనికి సమాధానము చెప్పక తప్పదు. మంచి యధికారులున్నారు, తుపాను రాత్రి నిద్రలేక పనిచేసినవారును గలరు. కాని యధికారి పైవానికి జవాబుదారి. బదిలీ ఉత్తరువు వచ్చిన దినమున పెట్టె సర్దుకొని పోవును. చెడ్డ సభ్యుని అయిదేండ్లకు దింపవచ్చును; చెడ్డ యుత్తరువును దింపుటకు ఓటరు చేతిలో నేమున్నది? మంచి దొర పాలన చాలునన్న వాదమును మన తాతలు తెల్లదొరలనుండి విని త్రోసిపుచ్చిరి. దానిని మనుమలు తిరిగి పలుకుట సిగ్గుచేటు.

అమెరికాలోను ఈ వాదమును నమ్మి నష్టపోయిన నగరమొకటి గలదు. అది వారి రాజధానియైన వాషింగ్టనే. 1874లో ఆ నగరపు ఎన్నికైన పాలనను రద్దుచేసి, నియమితులైన కమీషనర్ల చేతిలో పెట్టిరి. నూరేండ్లపాటు ఆ పౌరులు పన్ను చెల్లించిరి కాని తమ మేయరును తాము ఎన్నుకొనలేదు. దేశాధ్యక్షుని ఎన్నికలో ఓటు 1961లో వచ్చెను. స్వపాలన చట్టము 1973లో వచ్చెను. మరుసటి యేడు మేయరును, సభను ఎన్నుకొనిరి. ఇంకను దేశసభలో తమకు ఓటుగల సభ్యుడు లేడని, 2000 సంవత్సరము నుండి తమ మోటారు బండ్ల పలకలమీదనే ఆ ఫిర్యాదును ముద్రించుకొని తిరుగుచున్నారు. నూరేండ్లు పోయిన హక్కును వారు మరువలేదు. మనము తొమ్మిదేండ్లు పోయినదానిని ఏడాదిలో మరచితిమి.

అమెరికాను నెత్తికెత్తుకొనుట మా యుద్దేశము కాదు. జాతినిబట్టి ఓటు నిరాకరింపరాదని 1870లో వ్రాసికొని, చదువు పరీక్షలతోను తలపన్నుతోను నల్లవారిని ఓటుపెట్టెకు దూరముగా నుంచిన దేశమది; ఆ అన్యాయమును గట్టిగా అరికట్టు చట్టము 1965లో గాని రాలేదు. స్త్రీల ఓటు వారి రాజ్యాంగమున 1920లో చేరెను. మన మదరాసు రాష్ట్రమున, ఆస్తియున్నవారికే యైనను, 1921లోనే వచ్చెను. వయస్సు వచ్చిన ప్రతివానికిని ఓటను విషయమున మన 1950 రాజ్యాంగము వారికి పాఠము చెప్పగలదు.

వారివద్ద నేర్వదగినది తేదీ. దేశాధ్యక్షుని ఎన్నికకు నవంబరు నెలలో మొదటి సోమవారము తరువాతి మంగళవారమని 1845లో చట్టము చేసికొనిరి. 1864లో దేశము రెండుగా చీలి అన్నదమ్ములు యుద్ధభూమిలో నరకుకొనుచుండగా, నవంబరు 8న ఆ మంగళవారము వచ్చెను; ఎన్నిక జరిగెను. లింకను ఓడిపోవుదునేమో యని భయపడినవాడే గాని, తేదీని జరుపలేదు. అంతటి యంతర్యుద్ధమునకు ఆగని ఎన్నిక, మన యూరిలో వార్డుల హద్దుగీతకు ఆగినది!

మనకు చట్టము లేకపోలేదు. 1992లో చేసి 1993 జూన్ 1 నుండి అమలుపరచిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సభకు అయిదేండ్ల గడువును, గడువు తీరకమున్నే తరువాతి ఎన్నికను విధించినది. అహమ్మదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు ఈ విధిని గట్టిగా పలికినది. ఇంత స్పష్టముగా వ్రాసియున్నను తొమ్మిదేండ్లు జరిగిపోయిన వనిన, చట్టమునకు కాపలాయుండవలసిన కన్నులు నిద్రించినవనుట. ఆ కన్నులు మనవి.

మన బాధ్యత ఓటు దినముతోను తీరదు. మూడు లక్షలకు తక్కువకాని జనసంఖ్యగల నగరమున వార్డు సంఘములుండవలయునని ఆ రాజ్యాంగ సవరణయే చెప్పుచున్నది. వీథి విక్రేతలను గూర్చిన 2014 నాటి చట్టము, పట్టణ విక్రయ సంఘమున నూటికి నలువదిమందికి తక్కువ కాకుండ విక్రేతల ప్రతినిధులుండవలయుననియు, వారిని విక్రేతలే ఎన్నుకొనవలయుననియు, అందు మూడవవంతు స్త్రీలుండవలయుననియు విధించినది. పూర్ణా మార్కెట్టు బాటప్రక్కన బుట్టతో కూర్చుండు స్త్రీకి ఆ ఓటొకటి చట్టములో గలదు. ఆమెకు ఆ సంగతి చెప్పినవారెవరు? ఆమెవద్ద దినదినము కూరలు కొను చదువుకొన్న యిల్లాలు, కొసరు తోటకూరకై వాదించు నాలుకతోనే ఈ మాటయును చెప్పరాదా?

స్త్రీలకు సభలో మూడవవంతుకు తక్కువకాని స్థానములను రాజ్యాంగము ప్రత్యేకించినది; 2021లో విశాఖ మేయరు పదవియు స్త్రీకే దక్కినది. కాని ఎన్నిక భార్య పేరిట, పెత్తనము భర్త చేత అను దురాచారము మన యూళ్లలో తెలియనివారు లేరు. ఇంటిలో ఎవరికి ఓటు వేయవలయునో భర్త చెప్పుట, సభలో ఏమి పలుకవలయునో భర్త చెప్పుట — రెండును ఒకే వేరునుండి మొలచిన ముండ్లు. సంస్కరణము కోరు గృహస్థుడు మొదట తన యింటిలోనే ఈ వేరును పెరికివేయవలయును.

కావున మేము కోరునవి పెద్ద సంగతులు కావు. పురపాలక ఎన్నిక తేదీ ముందే స్థిరపడి, హద్దుల లెక్కలును రిజర్వేషన్ల లెక్కలును ఆ తేదీకి ఒక యేడు మున్నే ముగియవలయును. ముగియనిచో పాత హద్దులతోనే ఎన్నిక జరుగవలయును. ఆశీల రేట్లను తెలుగు అక్షరములతో మార్కెట్టు ముంగిట పలకపై వ్రాసి నిలుపవలయును. వార్డు సంఘములును, విక్రయ సంఘములును కాగితముమీద గాక కుర్చీలమీద కూర్చుండవలయును. 2021 మార్చిలో కూడిన 98 వార్డుల సభకు రాజ్యాంగము విధించిన గడువు 2026 మార్చి. ఆ నెలకును, దాని తరువాతి ఎన్నికకును నడుమ పడు ప్రతి దినమును గృహస్థులు పంచాంగమున గీత గీసి లెక్కపెట్టవలయును; ఆ లెక్కను పాలకులముందు ఉంచవలయును.

ఇచ్చువాడు మరచిన అప్పును పుచ్చుకొన్నవాడు గుర్తుచేయడు. ఓటును మనము మరచినచో పాలకులు వచ్చి జ్ఞాపకము చేయుదురని యెదురుచూచుట వెఱ్ఱి. రేపు సంచి పట్టుకొని పూర్ణా మార్కెట్టుకు పోవునప్పుడు, కూరల ధర అడుగుటకుముందు, ఆ మార్కెట్టు ఏ వార్డులోనిది, దానికి సభలో సభ్యుడెవరు, సభ్యుడు లేనిచో ఎందుకు లేడు అని యడుగుడు. అడుగుట మొదలిడిన దినముననే మీరు పౌరులగుదురు.